ఐదు మైక్రాన్ల మనిషి

నేను హిస్టాలజీ ల్యాబులోని స్లైడ్‌ని. 75 మిల్లీమీటర్ల పొడవు, 25 వెడల్పు ఉన్న గాజు మీద ఐదు మైక్రాన్ల మందాన కోసిన బృహద్ధమని ముక్క నాది. అది ఏఎస్ రావు నగర్‌లో, ఈసీఐఎల్‌ను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరు పెట్టుకున్న కాలనీలో, బతికి వెళ్లిన ఒక పెద్దాయనది. నా మీద ఆయన పేరు లేదు, నంబరే ఉంది, అలాగే ఉండాలి. ఫార్మలిన్‌లో గట్టిపడి, ఆల్కహాల్‌లో నీరు వదిలి, జైలీన్ దాటి, కరిగిన మైనం పట్టి మైక్రోటోమ్ బ్లేడు కిందికి చేరాను. విద్యార్థి డిసెక్షన్ హాల్లో ఏ దేహాన్ని కోసి నేర్చుకుంటాడో, వీలైనంత మేర మైక్రోస్కోప్ కింద కూడా ఆ దేహాన్నే చూడాలి అంటాను నేను.

దీనికి వచ్చే అభ్యంతరం తీసిపారేయదగ్గది కాదు. ప్రాణం పోయిన కొన్ని గంటల్లోనే కణాల్లోని ఎంజైములు ఆ కణాలనే అరిగించడం మొదలుపెడతాయి. క్లోమం, పేగు లోపొర అన్నిటికంటే ముందు చెడతాయి. అందుకే ఆపరేషన్లో తీసిన తాజా ముక్కల నుంచో, జంతువుల నుంచో స్లైడ్లు చేస్తారు. ఆ అవయవాల వరకు అదే దారి, వాదించను. కానీ ఎముక, మృదులాస్థి, ధమని అంత తొందరగా లొంగవు. నన్నే చూడండి. వెర్హాఫ్ రంగు పట్టిస్తే నాలోని సాగే పోగులు వంకీలు తిరిగిన నల్ల గీతలుగా కనిపిస్తాయి. పాఠ్యపుస్తకం బొమ్మలో ఆ గీతలు ఎక్కడా తెగవు, లోపొర సన్నగా ఉంటుంది. నాలో లోపొర దళసరెక్కింది, అక్కడక్కడ పోగులు తెగాయి, ఒక మూల సున్నం పేరుకుంది. హాల్లో ధమనిని చీల్చినప్పుడు విద్యార్థి వేలికి గుడ్డు పెంకులా తగిలింది ఈ సున్నమే. చేతికి తెలిసినది కంటికీ తెలిస్తే ముసలితనంలో గుండెకు భారం ఎందుకు పెరుగుతుందో విడిగా బట్టీ పట్టక్కర్లేదు. డిజిటల్ స్లైడ్లు చాలవా అంటే, అవి వందమందికి ఒకేసారి చూపొచ్చు, తప్పక ఉండాలి. అయితే వాటిలోని ధమని ఎలాంటి దేహంలోదో చూసే కుర్రాడికి తెలియదు.

అసలు బరువైన ప్రశ్న అనుమతిది. 2024 సెప్టెంబర్‌లో సీపీఎం నేత సీతారాం ఏచూరి దేహం ఢిల్లీ ఎయిమ్స్‌కు, అక్టోబర్‌లో మా పక్కనున్న మౌలాలి నుంచి ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా దేహం గాంధీ మెడికల్ కాలేజీకి చేరాయి. దేహదానం అనగానే మనసులో మెదిలేది కోత బల్లే. ఆ దేహానికి అంత్యక్రియలు అయిపోయాక కూడా నాలాంటి ముక్క ఏళ్ల తరబడి పెట్టెలో ఉంటుందని ఎందరికి తెలుసు? కర్మ పూర్తి కాలేదని ఇంటివాళ్లు బాధపడితే దాన్ని మూఢత్వం అనడం తప్పు. ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో కెడావర్‌ను, అంటే కోసి నేర్చుకునే దేహాన్ని, తొలి గురువుగా చూడమని నేర్పే పాఠమే ఉంది. గురువు దగ్గర అడగకుండా తీసుకోం కదా. దానపత్రంలో రెండు గళ్లు పెట్టాలి: స్లైడ్లు ఉంచుకోవచ్చని ఒకటి, చదువు అయ్యాక దేహంతో పాటే సాగనంపాలని ఒకటి. రెండో గడిలో టిక్ పెట్టినవారి స్లైడ్లను నంబరు చూసి వెతికి తీయడం ల్యాబ్ టెక్నీషియన్‌కు పెద్ద పనేం కాదు.