జడ్జిగారు చదివిన కవిత

1968 జనవరి. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం, ఎసెక్స్ కౌంటీ కోర్టు. శిక్ష ప్రకటించబోతూ జడ్జి లియాన్ కాప్ ఓ కవిత అందుకున్నాడు. బూతుమాట వచ్చిన ప్రతిచోటా దాన్ని మింగేసి ‘బ్లాంక్’ అంటూ చివరిదాకా చదివాడు.

రాసినవాడు ఎదురుగానే ఉన్నాడు, ముద్దాయిగా. పేరు లెరాయ్ జోన్స్. తర్వాత లోకానికి అమీరి బరాకాగా తెలిసినవాడు.

‘డచ్‌మన్’ నాటకంతో 1964లోనే న్యూయార్క్‌లో ఆయన పేరు మోగిపోయింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో నల్లవారి నాయకుడు మాల్కం ఎక్స్‌ను కాల్చి చంపారు. జోన్స్ ఆ కీర్తినీ, తెల్ల కవుల సావాసాన్నీ వదిలేసి హార్లెంకు వెళ్లిపోయాడు. అక్కడ నల్లవారి కోసం నాటకశాల, దానితోపాటే ఓ బడి పెట్టాడు. థియేటర్ గడప తొక్కని జనం కోసం నాటకాన్ని వీధుల్లోకి తెచ్చాడు. నల్లవారి కళా ఉద్యమానికి ఊపిరి పోసింది ఆ వీధులే. ఆ నాటకశాల ఎక్కువకాలం నిలవలేకపోయినా, ఆయన చేసిన పనులన్నిటిలో నాకు గొప్పగా తోచేది అదే. ఆ తర్వాత సొంతూరు నెవార్క్ చేరాడు.

1967 జూలైలో ఓ నల్ల టాక్సీ డ్రైవర్‌ను పోలీసులు చితకబాదారు. ఊరు భగ్గుమంది. 26 మంది చనిపోయారు. ఆ రాత్రుల్లోనే పోలీసులు జోన్స్ వ్యాన్ ఆపి, ఆయన తల పగలగొట్టి, రెండు రివాల్వర్లు దొరికాయన్నారు. అవి తనవి కావని ఆయన మొత్తుకున్నాడు. అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ నమ్మలేదు.

కోర్టులో చదివిన కవిత మెత్తనిదేం కాదు. దుకాణాల మీద పడండి, కావలసింది తీసుకోండి అని రెచ్చగొట్టే కవిత. చదివితే ఇవాళ్టికీ ఒళ్లు జలదరిస్తుంది. అందులో హింస లేదని నేననను. కానీ కేసు తుపాకులది, కవితది కాదు.

రెండున్నర నుంచి మూడేళ్ల జైలు, వెయ్యి డాలర్ల జరిమానా, పెరోల్ లేదు. పైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. మళ్లీ జరిగిన విచారణలో జోన్స్ నిర్దోషిగా బయటపడ్డాడు.

జూలైలో నెవార్క్‌ను తగలబెట్టడానికి జరిగిన కుట్రలో ఈ కవికి కూడా చేయి ఉందన్నది ఆ రోజు జడ్జిగారి నమ్మకం. ఆయన అంత శ్రద్ధగా చదివి వినిపించిన కవిత ‘ఎవర్‌గ్రీన్ రివ్యూ’లో అచ్చయింది.

డిసెంబరు సంచికలో.