మూజువాణీ విలాసం: టీకా తాత్పర్య విశేష సహితం

సభను లేచితి బిల్లుకు సై యటంచు
మూజువాణికి గొంతిచ్చి ముగియఁజేసి
యూరి కేతెంచి చెక్కుల నొసఁగినాఁడ
నెల్లవేళల మీకు నేనిచటె యుందు

అవతారిక

ఈ తేటగీతి దొరికిన చోటు తాళపత్రాల భాండాగారం కాదు. నాలుగు రోడ్ల కూడలిలో సిగ్నల్ లైట్లను నిలువునా కప్పేసిన ఒక ఫ్లెక్సీ. కవి ఎవరో తేలలేదు. ఎమ్మెల్యే గారి పీఏ అని ఒక వాదం, ఫ్లెక్సీలు కొట్టే షాపులో డీటీపీ చేసే కుర్రాడని ఇంకో వాదం. నాయకుడి విషయంలో మాత్రం సందేహం లేదు. తెల్లచొక్కా, జోడించిన చేతులు, నెత్తిన పార్టీ అధినేత, కాళ్ల దగ్గర తపాలా బిళ్లంత బొమ్మల్లో అనుచరగణం. ఏ నియోజకవర్గం అని మాత్రం అడక్కండి. ఆంధ్రప్రదేశ్‌లో 175, తెలంగాణలో 119, వెరసి పాత 294 చోట్లా ఈ పద్యం అక్షరం మార్చకుండా అతుకుతుంది.

మెతుకుసీమ వాడైన కోలాచల మల్లినాథసూరి, మూలంలో లేనిదీ అవసరం లేనిదీ రాయనని ఒట్టు పెట్టుకుని వ్యాఖ్యానాలు రాశాడు. మాకంత నిగ్రహం లేదు. మూలంలో లేనిదే ఇక్కడ ఎక్కువ.

ప్రతిపదార్థం

సభను = శాసనసభయందు; బిల్లుకు = చట్టము కాబోవు ముసాయిదాకు; సై అటంచు = సరే యనుచు; లేచితి = లేచి నిలిచితిని; మూజువాణికి = నోటిమాట ఓటునకు; గొంతు ఇచ్చి = కంఠమును అరువిచ్చి; ముగియఁజేసి = ఆ పని అయిందనిపించి; ఊరికి = నియోజకవర్గమునకు; ఏతెంచి = కాన్వాయితో విచ్చేసి; చెక్కులను = ఖజానా చెక్కులను; ఒసఁగినాఁడను = ఇచ్చితిని; ఎల్లవేళల = ఇరువదినాలుగు గంటలును; మీకు = ఓటర్లగు మీకు; నేను = బొమ్మ నడుమనున్న నేను; ఇచటె = ఇక్కడనే; ఉందు = ఉండగలవాఁడను.

తాత్పర్యం

అసెంబ్లీలో నా పని అయిపోయింది, మీ పని మీద వచ్చాను అని భావం.

విశేషాలు

“సభను”: సభ అంటే నిండు సభ అనుకోనక్కర్లేదు. రాజ్యాంగం 189వ అధికరణం ప్రకారం పదిమందో, మొత్తం సభ్యుల్లో పదోవంతో, ఏది ఎక్కువైతే అంతమంది కూర్చుంటే కోరం ఉన్నట్టే. ఆ లెక్కన అమరావతిలో 18 మంది, హైదరాబాద్‌లో 12 మంది చాలు. పెళ్లిచూపులకు కూడా ఒక్కోసారి అంతకన్న ఎక్కువ మందే వస్తారు. 174వ అధికరణం ఆరు నెలలు దాటకుండా సభను పిలవమంది గాని, పిలిచాక ఎన్నాళ్లు నడపాలో చెప్పలేదు. చెప్పని చోట ప్రభుత్వాలకు వెసులుబాటు, వ్యాఖ్యాతలకు ఉపాధి.

“లేచితి”: దీనికి “సంతకంబిడి” అని ఒక పాఠాంతరం ప్రచారంలో ఉంది. అనుమతి లేకుండా 60 రోజులు సభకు రాని సభ్యుడి స్థానం ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చు (190వ అధికరణం, నాలుగో క్లాజు). 2025 మార్చిలో ఆంధ్రప్రదేశ్ స్పీకర్ అయ్యన్నపాత్రుడు, కొందరు సభ్యులు సభలో కనబడకుండానే రిజిస్టరులో సంతకాలు పెట్టి వెళ్లిపోతున్నారని సభలోనే చెప్పారు. కనుక పాఠాంతరాన్ని కొట్టిపారేయలేం. అయితే ఛందస్సు కుదరదు కాబట్టి “లేచితి” అనే పాఠాన్నే గ్రహించాం.

“సై యటంచు”: ఇక్కడ కర్త ఎవరన్నది వ్యాకరణ సమస్య. పైకి చూస్తే “నేను” కర్త. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూలు వచ్చాక, పార్టీ విప్‌ను ధిక్కరించి ఓటేసిన వాడి సభ్యత్వానికే ముప్పు. కాబట్టి “సై అంటిని” అనేది రూపానికి కర్తరి ప్రయోగం, అర్థానికి ప్రేరణార్థకం: సై అనిపించబడితిని. తేటగీతికి ప్రాస నియమం లేదు గాని యతి తప్పదు. నాలుగో గణం మొదటి అక్షరం ఎంత పండితుడి పద్యంలోనైనా పాదం మొదటి అక్షరం చెప్పినట్టు వినాల్సిందే. విప్ అలాంటి యతి. ఫిరాయింపులు ఆపడానికి పెట్టిన ఈ నియమం ఫిరాయింపులను ఎంతమేరకు ఆపిందో పాఠకులకు తెలుసు. ఆలోచనను మాత్రం బాగానే ఆపింది. తన ఓటు తన చేతిలో లేనప్పుడు బిల్లు చదవడం దేనికని సభ్యుడు అనుకుంటే, తప్పంతా అతనిదే అనడానికి మాకు నోరు రాదు.

“మూజువాణికి గొంతిచ్చి”: పద్యానికి ప్రాణం ఈ పాదమే. మూజువాణి అంటే ఏ వాణీదేవికో పర్యాయపదం అనుకునే అమాయక పండితులు ఉన్నారు. అది ఉర్దూ “ముహ్ జబానీ”, నోటిమాట. బిల్లుకు పద్ధతి ప్రకారం మంత్రి ప్రవేశపెట్టడం, సాధారణ చర్చ, క్లాజుల వారీ పరిశీలన, ఆమోదం అని దశలుంటాయి. క్లాజుల ఘట్టం వినితీరాలి. రెండో క్లాజు నుంచి ఫలానా క్లాజు వరకు బిల్లులో భాగం కావాలన్నది ప్రశ్న, అవుననేవారు, కాదనేవారు, అవుననేవారిదే ఆధిక్యం. మొదటి క్లాజు, పీఠిక, పేరు, అవుననేవారు, కాదనేవారు, అవుననేవారిదే ఆధిక్యం. సంధ్యావందనంలో ఆచమనం చేసినంత వేగంగా ఒక శాసనం పుడుతుంది. ఎవరు అవునన్నారో, ఎవరు ఊరుకున్నారో రికార్డులో ఉండదు. పేరుపేరునా తేలాలంటే డివిజన్ అడగాలి. అడిగేవారు తక్కువ. రేపు ఆ చట్టం మీ పొలం రిజిస్ట్రేషన్ మీదో, మీ అమ్మాయి కాలేజీ ఫీజు మీదో వచ్చి పడినప్పుడు, మీ ఎమ్మెల్యే గొంతు ఆ గుంపులో ఎటు కలిసిందో చూపే కాగితం మీకు దొరకదు.

మరి తొందరపడకుండా, నిదానంగా పరిశీలించమని ఎవరైనా అంటే? పూర్వోదాహరణ ఉంది. 2020 జనవరి 20న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ మూడు రాజధానుల బిల్లును ఆమోదించింది. 22న శాసనమండలి అధ్యక్షుడు ఎం.ఎ. షరీఫ్ తన విచక్షణాధికారంతో దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు. 27న అసెంబ్లీ మండలినే రద్దు చేయమని తీర్మానం చేసింది. బిల్లును ఇంకోసారి చదువుదామన్నందుకు చదివే ఇల్లే ఖాళీ చేయమన్నారన్నమాట. ఆ తీర్మానాన్ని 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు. మూడు రాజధానుల చట్టాన్నీ అదే నెలలో వెనక్కి తీసుకున్నారు. మండలి ఈనాటికీ 58 స్థానాలతో నడుస్తోంది. ఆ 22వ తేదీ మాట వినివుంటే ఎంత కాగితం మిగిలేదో అని మా బాధ.

“ముగియఁజేసి”: ముగిసిందా? ముగియలేదు. గవర్నర్ సంతకం కావాలి. 200వ అధికరణం, బిల్లును తిప్పి పంపేట్టయితే వీలైనంత త్వరగా పంపమంది. “వీలైనంత త్వరగా” అనే పదబంధానికి ఎంత టీకా పుట్టిందో చూడండి. పది బిల్లులు రాజ్‌భవన్‌లో పేరుకుపోయాయని 2023లో తెలంగాణ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్తే, ఆ మాటకు రాజ్యాంగపరంగా బరువుందని కోర్టు ఏప్రిల్‌లో చెప్పింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం నెలల లెక్కన గడువులు కట్టింది. అదే ఏడు నవంబరులో రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకు బదులిస్తూ ఐదుగురి ధర్మాసనం, కోర్టులు అలా గడువు కట్టలేవంది. రెండు మాటల మీద ఇన్ని వ్యాఖ్యానాలు ఏ ప్రబంధానికీ పట్టలేదు.

“యూరి కేతెంచి”: పదవిభాగం దగ్గర వ్యాఖ్యాతలు రెండుగా చీలారు. ఊరికి + ఏతెంచి, అంటే నియోజకవర్గానికి వచ్చి, అని పెద్దల మతం. ఊరికే + తెంచి, అంటే చెక్కుబుక్కులోంచి చెక్కు ఉచితంగా చింపి, అని నవీనుల మతం. కవి శ్లేష ఉద్దేశించాడో లేదో గాని, రెండో అర్థంలో ఒక దోషముంది. చెక్కుబుక్కు నాయకుడిది కాదు.

తెలంగాణలో ఆడపిల్ల పెళ్లికి ఇచ్చే కల్యాణలక్ష్మి చెక్కు తీసుకోండి. 2014 అక్టోబరులో 51,000తో మొదలై, ఇప్పుడు 1,00,116 రూపాయలు. నూటపదహార్ల సంప్రదాయం ఖజానా లెక్కల్లోకి కూడా ఎక్కిందని సంతోషించాలి. ఎంపీడీఓ ఆఫీసు మీటింగ్ హాల్లో తహశీల్దారు పేరు పిలుస్తాడు. పొద్దున ఎనిమిదింటికి వచ్చి కూర్చున్న తల్లి పైట సర్దుకుంటూ లేస్తుంది. ఎమ్మెల్యే గారు చెక్కు అందిస్తారు. ఆమె పట్టుకుంటుంది, ఆయన వదలరు. “అమ్మా, చెక్కు కొద్దిగా పైకి, మొహానికి అడ్డం రాకుండా” అంటాడు ఫొటోగ్రాఫర్. సర్పంచి పక్క నుంచి ఒక చెయ్యి చెక్కు అంచుకు ఆనిస్తాడు. వెనకాల మండల అధ్యక్షుడు మునివేళ్ల మీద నిలబడి మెడ సాచుతాడు. ఒక్క కాగితానికి మూడు చేతులు. ఫ్లాష్ వెలిగాక రెండు వదులుతాయి. ఆ కూతురి పెళ్లయి అప్పటికి ఎన్నాళ్లయిందో, చంకలో బిడ్డను చూస్తే తెలిసిపోతుంది.

“ఒసఁగినాఁడ”: ఇందులో కనబడని ఇంకో దానం ఉంది, లెటర్. తిరుమల దర్శనానికి సిఫారసు లేఖ. తెలంగాణ ప్రజాప్రతినిధుల లేఖలను కొండ మీద పట్టించుకోవడం లేదని పెద్ద గొడవే నడిచి, చివరికి 2025 మార్చి 24 నుంచి తీసుకోవడం మొదలైంది: వారానికి రెండు రోజులు బ్రేక్ దర్శనానికి, రెండు రోజులు 300 రూపాయల దర్శనానికి, రోజుకో లేఖ, లేఖకు ఆరుగురు. ఈ గొడవలో చూపిన పట్టుదల ఏ బిల్లులో ఏ క్లాజు మీదైనా చూపారా అని వెతికాం. వెతుకుతూనే ఉన్నాం. అయితే పీఏకు ఫోన్ చేసి లెటర్ అడిగేది ఎవరు? మనమే. పదకొండో రోజు భోజనాలకు రాలేదని నిష్ఠూరమాడేదీ మనమే. శాసనసభ్యుడు పెళ్లిళ్లకు రావాలని, ట్రాన్స్‌ఫార్మర్ మార్పించాలని, ఆసుపత్రిలో బెడ్ ఇప్పించాలని రాజ్యాంగంలో ఎక్కడా లేదు. ఓటరు మనసులో ఉంది. రెండింటిలో ఏది ఐదేళ్లకోసారి లెక్కకొస్తుందో నాయకుడికి బాగా తెలుసు. అందుకే మూలంలో సభకు రెండు పాదాలే, మిగతాదంతా ఊరికి.

“మీకు నేనిచటె యుందు”: ఇచట అంటే ఎక్కడ? క్యాంపు ఆఫీసులో అంటే గేటు దగ్గర గన్‌మన్ “సార్ హైదరాబాద్ వెళ్లారు” అంటాడు. హైదరాబాద్ క్వార్టర్స్‌లో అంటే “సార్ నియోజకవర్గంలో ఉన్నారు” అంటారు. కనుక “ఇచటె” అనగా ఈ ఫ్లెక్సీయందే అని సిద్ధాంతం. ఎండకు వెలిసినా, గాలికి చిరిగి ఒక చెవి వేలాడినా, ఆయన ఎల్లవేళలా అక్కడే ఉన్నారు. పద్యంలో నూటికి నూరుపాళ్లు సత్యమైన పాదం ఇదొక్కటే.

పాఠకులకు విన్నపం

వచ్చే సమావేశాలు ముగిశాక ఎమ్మెల్యే గారు మళ్లీ చెక్కులతో వస్తారు. తీసుకోండి, మీ డబ్బే. ఫొటో అయ్యేదాకా ఆయన చెయ్యి ఎలాగూ వదలరు కాబట్టి ఆ వ్యవధిలో ఒక్కటి అడగండి: “సార్, మొన్న సభలో ఏ బిల్లుకు సై అన్నారు? అందులో మాకేముంది?” బిల్లుల ప్రతులు శాసనసభల వెబ్‌సైట్లలో ఉంటాయి. ఆయన చదవకపోయినా, మీరు చదివి వెళ్లండి.