గుమ్మడికాయ కుడివైపు

మా బావగారు జీవితంలో రెండే రెండు నిర్ణయాలు తొందరపడి తీసుకున్నారు. ఒకటి మా అక్క. తెనాలిలో మా ఇంటికి పెళ్ళిచూపులకొచ్చి, పావుగంటలో, ఇచ్చిన కాఫీ ఇంకా చల్లారకుండానే సరే అనేశారు. రెండోది ట్రక్కు. డెన్వర్‌లో ఒక ముసలాయన ఇంటి ముందు రెండు టొయోటా పికప్పులు అమ్మకానికి పెట్టి ఉన్నాయట. ఒకటి 1985ది, ఇంకోటి 1986ది. ధర ఒకటే. ఒకే ధరకి ఏడాది కొత్తది వస్తుంటే పాతది ఎవడు తీసుకుంటాడని రెండోదాని తాళాలు పుచ్చుకుని వచ్చేశారు. ఈ రెండు నిర్ణయాల్లో దేనికి విచారిస్తున్నారో అక్క ఎదుట ఎప్పుడూ చెప్పలేదు. ట్రక్కు సంగతి మాత్రం మా బంధుకోటి మొత్తానికి తెలుసు.

ఆ ఒక్క ఏడాదిలో జరిగిన ఘోరం ఏమిటంటే, 1979 నుంచి 1985 దాకా అమెరికాలో అమ్మిన ఫోర్ వీల్ డ్రైవ్ టొయోటా పికప్పులకి ముందు చక్రాల మధ్య ఒకటే ఇరుసు. ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే ఇనుప దిమ్మ. దీన్నే సాలిడ్ యాక్సిల్ అంటారు. 1986 మోడల్ నుంచి ఆ ఇరుసు తీసేసి ఏ చక్రానికి ఆ చక్రం విడిగా ఊగే ఏర్పాటు చేశారు. దాని పేరు ఐఎఫ్ఎస్. బావగారు ఈ సంగతి కొన్న మూడో రోజున, ఇంటి ముందు అట్టపెట్టె పరుచుకుని ట్రక్కు కింద వెల్లకిలా పడుకున్నప్పుడు కనిపెట్టారు. బయటికొచ్చిన ఆయన మొహం చూసి ఇండియాలో ఎవరో పోయారనుకుంది మా అక్క. సాయంత్రం నరసరావుపేటకి ఫోన్ చేసి "ముందు ఐఎఫ్ఎస్ వచ్చిందమ్మా" అని వాళ్ళమ్మగారి దగ్గర వాపోయారు. ఆవిడ, "ఎవరికి నాయనా? మన పెద్దాడి కొడుక్కేనా?" అని సంబరపడి, ఫోన్ పెట్టేసేలోపు పక్కింటికి కబురు చేసేశారు. ఏ దేశంలో పోస్టింగ్ అని ఇప్పటికీ ఆ వీధిలో అడుగుతుంటారు.

ఇది జరిగి తొమ్మిదేళ్ళు. అప్పటి నుంచి బావగారు ఆ ట్రక్కుకి ముందు ఇరుసు ఎంపిక చేస్తున్నారు.

ఇలాంటివాళ్ళు మీ ఇళ్ళలోనూ ఉంటారు. ఫ్రిజ్ కొనడానికని ఎండాకాలంలో బయల్దేరి సంక్రాంతికి కూడా తేల్చనివాళ్ళు, ఫ్లాటు తూర్పు ముఖమా ఉత్తర ముఖమా అని చూస్తూ చూస్తూ పిల్లల పెళ్ళిళ్ళు అద్దె ఇంట్లోనే చేసేసినవాళ్ళు. మా బావగారు ఈ వర్గంలో శిఖరం. పైగా ఎదుటివాడికి నేర్పిగానీ వదలరు.

మొన్న దీపావళికి వాళ్ళింట్లో భోజనాలు. ఆకలి మీద ఉన్నాం. అక్క గారెలు వాయిలు వాయిలుగా దింపుతోంది. కొత్తగా ఊరికొచ్చిన కుర్రాడొకడు, పాపం తెలియక, "ఆ ట్రక్కు మీదేనాండీ?" అన్నాడు. అక్క చేతిలో చట్రం నూనె పైనే ఆగిపోయింది. బావగారు లేచి వంటింట్లోంచి అప్పడాల కర్ర తెచ్చారు. దాని సన్నటి చివర్లకి చెరో గారె తొడిగారు. "ఇదీ సాలిడ్ యాక్సిల్. చూడు." ఒక గారెని సాంబారు గిన్నె అంచు మీదికి ఎక్కించారు. రెండో గారె వాలి అల్లప్పచ్చట్లో కూరుకుపోయింది. "అదీ! ఒక చక్రం బండరాయి ఎక్కితే, అదే ఊపుతో రెండోదాన్ని కిందికి తొక్కి నేలకి అదిమిపెడుతుంది. పట్టు పోదు. మధ్యలో గేర్ల డబ్బా నేలకి ఎంత ఎత్తులో ఉందో అంతే ఎత్తులో ఉంటుంది." తర్వాత రెండు గరిటెలు తీసుకుని విడివిడిగా ఊపారు. "ఇది ఐఎఫ్ఎస్. ఈ చక్రం పైకి పోతే ఆ చక్రానికి కబురే తెలీదు. ఎవరి సంసారం వాళ్ళది. అది ఉమ్మడి కుటుంబం నాయనా, ఇది వేరు కాపురం."

"ఉమ్మడి కుటుంబం అంత గొప్పదైతే నరసరావుపేటలోనే ఉండకపోయారా" అంది అక్క వంటింట్లోంచి.

నిజానికి అక్క మాటలో ఇంజనీరింగ్ ఉంది. ఉమ్మడి ఇరుసుతో కొండ ఎక్కడం సుఖమే గానీ, హైవే మీద ఒక చక్రం గుంతలో పడితే ఆ దెబ్బ రెండోదానికీ పంచుతుంది. స్ప్రింగుల కింద వేలాడే బరువు ఎక్కువ కాబట్టి కుదుపూ ఎక్కువే. ట్రాక్ బార్ బుష్‌లో, బాల్ జాయింట్లో అరిగిపోతే ఒక్కోసారి చిన్న గతుకుకే ముందు చక్రాలు రెండూ పూనకం వచ్చినట్టు ఊగిపోతాయి. బండి ఆపితే తప్ప ఆగవు. దీన్ని డెత్ వాబుల్ అంటారు. బావగారు ఈ పేరు చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తారు, మా నాయనమ్మ అమ్మవారి పేరెత్తినప్పటిలాగా. గారెలు రెండూ చల్లారిపోయాయి. ఆ కుర్రాడు మర్యాదకి అవే తిన్నాడు.

ఇరుసులకి అంకెలుంటాయి. డానా 30, డానా 44, డానా 60. అంకె పెరిగే కొద్దీ బలం, బరువు, మా అక్క కోపం పెరుగుతాయి. డానా 44లో పెద్ద పళ్ళచక్రం 8.5 అంగుళాలు, డానా 60లో 9.75. ఈ డానా ఎవరని పొరపాటున అడిగారా, హరికథ మొదలు. క్లారెన్స్ స్పైసర్ అనే ఆయన 1904లో న్యూజెర్సీలో జాయింట్ల కంపెనీ పెట్టాడు, 1914లో చార్లెస్ డానా అనే లాయరు డబ్బు పట్టుకుని అందులో చేరాడు, 1946లో కంపెనీకే ఆయన పేరు వచ్చింది. "చేసినవాడు స్పైసరు, పేరు లాయరుది. చూశావా బామ్మర్దీ లోకం!" అంటారు బావగారు, అన్యాయం తనకే జరిగినట్టు. ఇంకో బాధ కూడా ఉంది. ఇక్కడ టొయోటా ఇరుసు వదిలేసే రోజుల్లోనే, 1985లో, మన దేశంలో మారుతి జిప్సీ వచ్చింది. దానికి ముందూ వెనకా సాలిడ్ యాక్సిలే. అంటే వదిలి వచ్చిన దేశంలో ఉన్నది, వచ్చిన దేశంలో పోయింది. ప్రవాసాంధ్రుల సభలో ఈ విషయం మీద మాట్లాడతానంటే నిర్వాహకులు టైము లేదన్నారు.

ఎంపిక ఎందుకు తెగదంటారా? చెబుతాను, నాకూ వచ్చేసింది. ఇరుసు మధ్యలో గేర్లుండే ఉబ్బు భాగాన్ని ఇక్కడ మెకానిక్కులు గుమ్మడికాయ అంటారు. అది సరిగ్గా నడుమ ఉండదు, కుడికో ఎడమకో జరిగి ఉంటుంది. ఇంజను బలాన్ని ముందు వెనక ఇరుసులకి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి షాఫ్టు ఏ వైపు నుంచి వస్తుందో గుమ్మడికాయ ఆ వైపే ఉండాలి. మన టొయోటాకి కుడివైపు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే లోకంలో అందరూ రెండు భుజాలూ తడుముకుంటారు, బావగారు కుడి భుజం ఒక్కటే తడుముకుంటారు.

1978, 79 ఫోర్డు ఇరుసు మంచిదే, గుమ్మడికాయ ఎడమవైపు. పోయింది. 86కి ముందు టొయోటాదే తెచ్చి పెడదామంటే అన్నీ కుదురుతాయి, కానీ 86 బండి వెనక ఇరుసు కన్నా అది మూడంగుళాలు పొట్టి. పైగా చక్రం దగ్గర సీలు పోతే గేరు నూనె, గ్రీజు కలిసి చిక్కటి నల్లటి పులుసు అవుతుంది. 1970లలో షెవర్లే ట్రక్కుల కింద వచ్చిన డానా 44 ఉంది. గుమ్మడికాయ కుడివైపే, చక్రానికి బోల్టులు ఆరే, టొయోటాకీ ఆరే. ఇంకేం, ముహూర్తం పెట్టుకోవచ్చనుకున్నాం. కానీ అది వెడల్పు ఎక్కువ. ముందు వెడల్పు అయితే వెనకదీ మార్చాలి. రెండూ మారిస్తే రెండిటి గేర్ల లెక్క ఒకటిగా ఉండాలి, ముందు 3.73, వెనక 4.10 ఉంటే జోడెడ్లు చెరో నడక నడిచినట్టే. ఎలాగూ గేర్లు మారుస్తున్నాం కాబట్టి టైర్లు 37 అంగుళాలవి వేయాలి. అంత టైర్లకి డానా 44 ఆగదేమో, 60 కావాలి. 60కి బోల్టులు ఎనిమిది, కాబట్టి చక్రాలు మార్చాలి. అంత చక్రం తిప్పడానికి స్టీరింగు, ఆపడానికి బ్రేకులు. సన్యాసి గోచీ కోసం పిల్లినీ, పిల్లి కోసం ఆవునీ తెచ్చుకున్న కథే. చివరికి టొయోటాలో మిగిలేది నంబరు ప్లేటు.

అయినా మూడేళ్ళ కిందట, ఏ బలహీన క్షణంలోనో, ఒక సాల్వేజ్ యార్డులో ఆ షెవర్లే డానా 44 కొనేశారు. ఇంటికి తెస్తే అక్క గుమ్మంలోనే ఆపేసింది. "తమ్ముడూ, రెండు రోజులు మీ గరాజ్‌లో పెట్టుకోరా." రెండు రోజులు. అది నా రెండు కార్ల గరాజ్‌లో అడ్డంగా పడుకుని ఉంది, సత్రంలో పెళ్ళివారి పెద్దాయనలాగా. నా కారు బయట ఉంటోంది. డెన్వర్‌లో మే నెలలో వడగళ్ళు గోలీకాయలంత పడతాయి. బానెట్ మీద నలభై ఒక్క సొట్టలు. ఒక్కో సొట్టనీ వేలితో లెక్కపెట్టాను. బావగారు వచ్చి చూసి, "అల్యూమినియం కదా బామ్మర్దీ, అంతే" అని, లోపలికెళ్ళి ఇరుసుని గుడ్డతో తుడిచి, కొలతలు తీసుకుని, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయారు. కొన్న మర్నాటి నుంచే దాని మీద అనుమానం.

ఆయన నాన్నగారు పల్నాటి రైతు. పోయిన వేసవిలో వచ్చినప్పుడు నా గరాజ్‌లో దాన్ని చూసి ఆగారు. పంచె ఎగ్గట్టి గొంతుక్కూర్చున్నారు. వేలితో గ్రీజు తీసి రెండు వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూశారు. "కందెన బాగానే ఉందే. ఇరుసేగా ఇది?"

"అవును నాన్నా."

"ఎన్నేళ్ళుగా చూస్తున్నావురా?"

బావగారు జవాబు చెప్పలేదు. నేను చెప్పాను.

పెద్దాయన కాసేపు కొడుకు వంక చూసి, "మన బండికి ఇరుసు విరిగితే సంతలో పొద్దున కొని మాపటికి పత్తి బస్తాలు తోలేవాళ్ళం" అన్నారు. తర్వాత నెమ్మదిగా, "ఎడ్లు దొరకడం లేదా?" అని అడిగారు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగారు.

అసలు ఈ బండి ఏ కొండలు ఎక్కాలి? ఇప్పటిదాకా అది ఎక్కినవి ఇండియన్ స్టోర్ పార్కింగులో స్పీడ్ బ్రేకర్లు. మోసినవి సోనామసూరి బస్తాలు, ఏటా ఒక వినాయకుడు. రెండేళ్ళ కిందట అందరం యూరే వెళ్ళాం. అక్కణ్ణించి ఇమోజిన్ పాస్ దాటితే టెల్యురైడ్, పైన ఎత్తు 13,114 అడుగులు, రోడ్డంతా రాళ్ళు. ఇరుసు మార్చకుండా ఈ బండిని ఎక్కించడం పాపం అన్నారు బావగారు. మేం ఒక జీప్ అద్దెకి తీసుకున్నాం. ఆయన దాని కిందకి దూరి అరగంట చూసి, మోచేతుల నిండా మట్టితో బయటికొచ్చి, "డానా 30. దీంతో వెళ్తారా?" అని హోటల్లో ఉండిపోయారు. మా అక్క నడిపింది. పైన మంచులో నిలబడి మిరపకాయ బజ్జీలు తిన్నాం. మాకంటే ముందు ఎక్కిన బండి మామూలు టొయోటా పికప్పు. కింద వంగి చూశాను. ఐఎఫ్ఎస్. ఈ ముక్క ఆయనకి చెప్పలేదు. అంత క్రూరుణ్ణి కాను.

కింద వంగి చూశాను అన్నాను గదా. అదే నా జబ్బు. గుడి పార్కింగులో కూడా వంగుతున్నాను. మా ఆవిడ ప్రదక్షిణాలు పూర్తిచేసి వచ్చేసరికి నేను ఎవరిదో ట్రక్కు పక్కన మోకాళ్ళ మీద ఉంటున్నాను.

పోయిన నెలలో అక్క రహస్యంగా ఫోన్ చేసి, మీ బావ ఇండియా వెళ్ళారు, ఎవరైనా దొరికితే ఆ దరిద్రాన్ని వదిలించు అంది. ఒక కుర్రాడు దొరికాడు. ట్రెయిలర్‌తో, రొక్కంతో వచ్చాడు. చూశాడు, బాగుందన్నాడు. డబ్బు లెక్కపెడుతున్నాడు. అప్పుడు నా నోరు ఊరుకోలేదు. నీ బండి ఏ ఏడాదిది, గుమ్మడికాయ ఏ వైపు, గేర్ల లెక్క ఎంత, టైర్లు ఎంత, ఆగు, వెనక ఇరుసు కొలిచావా? గంటన్నర మాట్లాడాను. డ్రాయరులోంచి టేపు కూడా తెచ్చాను. కుర్రాడు రొక్కం జేబులో పెట్టుకుని, ఇంకా ఆలోచించుకోవాలని ఖాళీ ట్రెయిలర్‌తో వెళ్ళిపోయాడు. అక్క నాతో మాట్లాడ్డం లేదు. విషయం తెలిసి బావగారు నరసరావుపేట నుంచి ఫోన్ చేసి, "నువ్వు మనిషివయ్యావురా బామ్మర్దీ" అన్నారు.

ఆయన వచ్చే నెల పదో తేదీన వస్తున్నారు. డెన్వర్ చుట్టుపక్కల పాత ట్రక్కున్న తెలుగువాళ్ళు ఎవరైనా ఉంటే ఈలోపు రండి. డానా 44, బోల్టులు ఆరు, గుమ్మడికాయ కుడివైపు. ధర మా అక్కతో మాట్లాడుకోండి. మీరొచ్చే సమయానికి నేను ఇంట్లో ఉండను.