బాక్సు వాక్యం: టీకా తాత్పర్య సహితం

మూలం. "బాక్సు కట్టినా నాయనా, మిగిలించకుండా తినేసి రా. మూత మర్చిపోవద్దు."

అవతారిక. ఈ వాక్యానికి కర్త ఎవరో తేల్చడం కష్టం. రాయలసీమలోని మంగంపేటలో బడి బస్సు హారన్ ఒకసారి మోగాక, రెండోసారి మోగేలోపల, ఒక కాలికి బూటు ఎక్కి రెండో కాలికి సాక్సు దొరకని ముహూర్తంలో ఇది పుడుతుంది. రాసిపెట్టిన ప్రతి ఎక్కడా లేదు. పాఠం మాత్రం ఏ ఇంట విన్నా దాదాపు ఒక్కటే.

ఇంత చిన్న మాటకు టీక దేనికని నొసలు ముడిచేవాళ్లు కడప దాకా వెళ్లొస్తే సరి. పందొమ్మిదో శతాబ్దం తొలి సగంలో సి.పి. బ్రౌన్ అక్కడ బంగళా కొని, పండితుల్ని జీతాల మీద పెట్టుకుని, తెలుగు కావ్యాలకు శుద్ధప్రతులు రాయించాడు, టీకలు చేయించాడు. ప్రబంధ నాయికకు దక్కిన మర్యాద పొద్దున్నే పొయ్యి ముందు నిలబడ్డ మనిషికి దక్కకూడదనే శాస్త్రమేదీ లేదు. ఇక వ్యాఖ్యాతల్లో పెద్దవాడు కోలాచల మల్లినాథసూరి, మన తెలుగువాడే. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ముందే మాటిచ్చి కాళిదాసు మీద చెయ్యి వేశాడు. ప్రస్తుత వ్యాఖ్యాత మొదటి షరతుకు కట్టుబడతాడు. రెండోదానికి పూచీ లేదు.

బాక్సు. అవ్వలు చదివే ప్రతిలో "క్యారేజీ" అని పాఠాంతరం. అది సరికాదు. క్యారేజీ మూడు అంతస్తులది, పెద్దవాళ్లది, పనికి పోయేది. బాక్సు ఒకే అంతస్తుది: గుండ్రటి స్టీలు గిన్నె, రెండు పక్కలా క్లిప్పులు, కూరకో పచ్చడికో లోపల ఒక బుల్లి గిన్నె, మూతలో రబ్బరు వాషరు. ఈ వాషరు నిన్నటి వాసనను రేపటికి భద్రంగా అందించే పరమ సంప్రదాయవాది. వారానికొకసారైనా ఊడదీసి కడగకపోతే సోమవారం చేపల పులుసు శుక్రవారం పెరుగన్నంలో కూడా పలకరిస్తుంది.

వేడివేడి దోసెను పెనం మీంచి తీసి వెంటనే మూత బిగిస్తే, ఆవిరి మూతకు తగిలి నీరై మళ్లీ దోసె మీదే పడుతుంది. ఈ కరువు సీమలో తప్పకుండా వాన కురిసే చోటు అదొక్కటే. అందుకని తెలిసిన తల్లులు దోసెను పళ్లెంలో పరిచి ఆవిరి పోయేదాకా ఆగుతారు. ఆగడానికి టైముండదు కాబట్టి ఫ్యాను కింద పెడతారు.

బాక్సులో ఎంత పట్టాలి? దీనికి సర్కారు కొలత ఒకటుంది. బడిలో పెట్టే మధ్యాహ్న భోజనానికి ఐదో తరగతి దాకా పిల్లవాడికి 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీన్ అని లెక్క కట్టారు. అందుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరు నుంచి ఎనిమిది దాకా 150 గ్రాముల బియ్యం, 700 కేలరీలు, 20 గ్రాముల ప్రోటీన్. ఇంటి బాక్సు ఈ లెక్కను తెలియకుండానే సగం పాటిస్తుంది. 100 గ్రాముల బియ్యంలోనే 350 కేలరీల దాకా ఉన్నాయి, కాబట్టి కడుపు నిండడానికి ఢోకా లేదు. ప్రోటీన్ మాత్రం ఏడెనిమిది గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. మిగతా నాలుగైదు గ్రాములు ఎక్కడివి అన్నదే తల్లి ముందున్న అసలు సమస్యాపూరణం.

కట్టినా. భూతకాలం. కోస్తా ప్రతుల్లో "కట్టాను" అని ఉంటుంది. ఈ క్రియలో ఎంత పని దాగుందో బయటివాళ్లకు తెలియదు గనుక ఇక్కడ టీక కాస్త పెరుగుతుంది.

సీమలో బాక్సుకు రాజు చిత్రాన్నం. పసుపుపచ్చ అన్నం, ఎర్రగా వేగిన చెనిక్కాయ గింజలు, కరివేపాకు, ఎండుమిరపకాయ: చూపుకు ఇంతకంటే అలంకారం వేరే అక్కర్లేదు. దీని సొగసు దీని ఆరోగ్యంలోనే ఉంది. పై సమస్యాపూరణానికి జవాబు ఆ గింజలే. పాతిక ముప్పై గ్రాములు, అంటే పెద్దవాళ్ల గుప్పెడు వేస్తే, ఏడు గ్రాముల ప్రోటీన్ వచ్చి చేరుతుంది. దాదాపు ఒక కోడిగుడ్డుతో సమానం. అయితే తాళింపులో అలంకారానికి పది గింజలు చల్లి ఊరుకునే పాఠం ఒకటి ప్రచారంలో ఉంది. వ్యాఖ్యాత దాన్ని ప్రక్షిప్తంగా కొట్టేస్తున్నాడు.

నిమ్మకాయ పిండేది పొయ్యి ఆర్పాకే. మంట మీద పిండితే చేదొస్తుందని అవ్వ చెప్తుంది. సి విటమిన్ పోతుందని డాక్టరు చెప్తాడు. ఆ విటమిన్ ఆకుకూరల్లోని, రాగుల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి సాయం చేస్తుంది. ఇద్దరూ వేర్వేరు దారుల్లో ఒకే పొయ్యి దగ్గరకు వచ్చారు.

శంక: రాత్రి మిగిలిన అన్నాన్ని చిత్రాన్నం చేయవచ్చా? సమాధానం: ఫ్రిజ్‌లో పెట్టి ఉంటే చేయవచ్చు. ఎండాకాలం రాత్రంతా గిన్నెలో బయటే ఉంటే వద్దు. ఉడికిన అన్నంలో బతికి ఉండే ఒక రకం బాక్టీరియా వెచ్చదనానికి పెరిగి విషం విడుస్తుంది. ఆ విషం తాళింపు వేడికీ లొంగదు. పుల్లదనం బాక్టీరియా పెరగకుండా అడ్డుకోగలదు గానీ, రాత్రే జరిగిపోయిన నష్టాన్ని పొద్దున పిండిన నిమ్మచెక్క వెనక్కి తీసుకోలేదు.

ఉగ్గాని బాక్సుకు పనికిరాదు. నానిన బొరుగులు పొయ్యి మీంచి నేరుగా పళ్లెంలో పడాలి. పక్కన మిరపకాయ బజ్జీ ఉండాలి. నాలుగు గంటలు మూత కింద పడున్న ఉగ్గానిని చూసి కర్నూలువాళ్లు కూడా గుర్తుపట్టరు. సంగటిదీ అదే కథ. వేడిగా ఉన్నప్పుడు పులుసులో జారే ముద్ద మధ్యాహ్నానికి గట్టిపడి చెంచాకు ఎదురు తిరుగుతుంది. దీన్నిబట్టి రాగులు బాక్సులోకి రావనుకుంటే పొరపాటు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చువేసిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది; పాలిష్ బియ్యంలో పది కూడా లేదు. ఎముకలు పెరిగే వయసులో ఇంతటి ధాన్యాన్ని వదులుకోవడం ఎట్లా? అందుకే రూపం మార్చాలి. దోసెపిండిలో మూడోవంతు రాగిపిండి కలిపి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, క్యారెట్ తురుము, కొత్తిమీర వేసి గుంతపొంగణాలు పోస్తే పని జరుగుతుంది. చల్లారినా మెత్తగానే ఉంటాయి. చెంచా అక్కర్లేదు. ఒక్కోటి ఒక్కో నోటికి సరిపోతుంది. పప్పులపొడిలో కాస్త నెయ్యి కలిపి బుల్లి గిన్నెలో పెడితే చట్నీ కారి లెక్కల నోటు పసుపు రంగు పులుముకునే ప్రమాదమూ తప్పుతుంది.

పిల్లలు రాగులను వద్దనేది రుచి చూసి కాదు, "నల్లగుంది" అని. పక్క బెంచీ బాక్సులో నూడుల్స్ ఉన్న రోజున ఈ నలుపు ఇంకా ముదురుతుంది. 2023 మార్చి నుంచి ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లో వారానికి మూడు రోజులు బెల్లం వేసిన రాగిజావ పోయడం మొదలుపెట్టారు. దానివల్ల ఒక మేలు జరిగింది: అందరి గ్లాసుల్లోనూ ఒకే రంగు ఉన్నప్పుడు వెక్కిరించేవాడు ఉండడు.

గుడ్డు గురించి రెండు ముక్కలు. ఉడికించిన గుడ్డు మంచిదని తెలియని తల్లి లేదు, దాని వాసనకు ముక్కు మూసుకోని తరగతీ లేదు. తప్పు గుడ్డుది కాదు, మరీ ఎక్కువసేపు ఉడికించడంది. అతిగా ఉడికితే తెల్లసొనలోని గంధకం వాయువుగా మారి పచ్చసొనలోని ఇనుముతో కలిసి ఆకుపచ్చటి వలయం కడుతుంది. ఆ వాయువునే వేడిగా డబ్బాలో బంధించి పన్నెండున్నరకు మూత తీస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. నీళ్లు మరిగాక పదీ పన్నెండు నిమిషాలకు దించి, వెంటనే చన్నీళ్లలో వేసి, చల్లారాక ఒలిచి, నిలువుగా చీల్చి మిరియాలపొడి చల్లితే సగం వాసన పోతుంది. మిగతా సగాన్ని ఆకలి చూసుకుంటుంది.

పెరుగన్నానికి పెరుగు తక్కువ, పాలు ఎక్కువ. పొద్దున కలిపింది గోరువెచ్చని పాలన్నంలా ఉండి, మధ్యాహ్నానికి తోడుకుని కమ్మగా తయారవుతుంది. దానిమ్మ గింజలు చల్లితే రంగు వస్తుంది. పండ్లకు కొదవ లేని చోటిది. కోడూరు తోటల అరటి, మామిడి, బొప్పాయి పక్కనే ఉన్నాయి. కానీ సంచిలో వేసిన అరటిపండు పుస్తకాల కింద ఏమవుతుందో సాంఘికశాస్త్రం పాఠ్యపుస్తకాలు సాక్ష్యం చెప్తాయి. నలగని జామకాయ మేలు. సి విటమిన్‌లో కమలాపండు దాని దరిదాపుల్లోకి రాదు.

నాయనా. సంబోధన. ఆడపిల్లకైనా ఒక్కోసారి ఇదే వర్తిస్తుంది. తర్వాత రాబోయే ఆజ్ఞకు ముందుగా పూసిన వెన్న.

మిగిలించకుండా. ఇక్కడ వ్యాఖ్యాతలకు భేదాభిప్రాయాలున్నాయి. పూర్వపక్షం అవ్వది: పిల్లవాడు బక్కగా ఉన్నాడు, మూత పట్టినంత నొక్కిపెట్టు. సిద్ధాంతం: మిగులుతోందంటే ఎక్కువైందనే అర్థం, తగ్గించి పెట్టు.

ఈ సిద్ధాంతానికి దృష్టాంతం ఊళ్లోనే ఉంది. మంగంపేట గనుల్లో దొరికే ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేట్. నీళ్లకంటే నాలుగు రెట్లకు పైగా బరువు. చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడి పైకి తన్నకుండా బురదలో కలిపి దింపేది దీన్నే. శుద్ధి చేసిన అదే పదార్థాన్ని ఆస్పత్రుల్లో కడుపు ఎక్స్‌రేకు ముందు తాగిస్తారు. దానికి డాక్టర్లు పెట్టిన పేరు "బేరియం మీల్". పేరుకు భోజనమే గానీ కరగదు, ఒంటికి పట్టదు, ఎట్లా పోయిందో అట్లాగే బయటికొస్తుంది. సాయంత్రం నాలుగున్నరకు సగానికి పైగా నిండుగా తిరిగొచ్చే బాక్సు కూడా ఈ జాతిదే. అందులో ఎన్ని మిల్లీగ్రాముల కాల్షియం కూరినా లెక్కలోకి రాదు.

మిగలడానికి కారణాలు పిల్లల నోట విందాం. టైము చాలలేదు. మూత రాలేదు, సార్‌ను అడగడానికి సిగ్గేసింది. గెలాటా ఆడుకున్నాం. నీళ్లు తాగేసరికి కడుపు నిండింది. ఎదురుగా అంగడిలో కుర్‌కురే కొన్నాం. ఈ చివరిదాని మీద చట్టం కూడా ఉంది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలను బడిలోనూ, బడి గేటు నుంచి 50 మీటర్ల లోపలా అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లో నిబంధనలు తెచ్చింది. యాభై ఒకటో మీటరు గురించి నిబంధన ఏమీ చెప్పలేదు.

ఇంకో కారణం వ్యాఖ్యాతకు ఇష్టమైనది: మార్పిడి. మనవాడి చిత్రాన్నం పక్కవాడి కడుపులోకి, పక్కవాడి పూరీ మనవాడి నోట్లోకి పోతాయి. దీనికి ప్రమాణం భాగవతంలోనే ఉంది. పోతన మావాడని ఒంటిమిట్టవాళ్లు, కాదు బమ్మెర వాడని ఓరుగల్లువాళ్లు ఎంత వాదించుకున్నా, దశమ స్కంధంలో ఆయన చూపిన గొల్లపిల్లల చల్దుల ఘట్టం తెలుగులో చక్కని లంచ్ బెల్లు. ఒకడు ఊరగాయ తింటూ పక్కవాణ్ణి ఊరిస్తాడు. ఇంకొకడు పక్కవాడి కంచంలోది లాక్కుని మింగి, లేదు చూడమని నోరు తెరుస్తాడు. మరొకడు పందెం వేసి ఐదారుగురి చద్ది ఒక్కడే లాగిస్తాడు. ఏ యశోద ఏ మూట కట్టిందో చివరికి ఎవరికీ లెక్క తెలియదు. ఈ ప్రమాణం ఉండగా "నీ బాక్సు ఎవరికీ ఇవ్వొద్దు" అనే వాక్యాన్ని మూలంలో చేర్చడం అపశాస్త్రం. గుప్పెడు ఎక్కువ పెట్టడం ఒక్కటే పరిహారం. పైన తగ్గించమని, ఇక్కడ పెంచమని చెప్పడం విరుద్ధం కాదా అంటే, అవును.

బాక్సు కట్టే ఓపికా సరుకూ లేని ఇళ్ల సంగతి మూలం చెప్పదు, టీక చెప్పాలి. 1920లో మద్రాసు కార్పొరేషన్ థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం ఫలహారం పెట్టాలని తీర్మానించింది. తలకు రోజుకు అణా మించకూడదని షరతు. అప్పటి కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి, తెలుగు దేవాంగుల బిడ్డ. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడుల్లో వండిన భోజనమే పెట్టాలని ఆదేశించాక, మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి ఆ పళ్లేలు పరుచుకున్నాయి. ఇప్పుడా పథకానికి గోదావరి లంకల్లో దారినపోయేవాళ్లకు అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరుంది. బాక్సు తెచ్చుకునేవాడు గుడ్డున్న రోజు ఆ వరుసవైపు చూడడం, ఆ వరుసలో ఉన్నవాడు బాక్సువైపు చూడడం రెండూ సహజమే.

తినేసి రా. "రా" అన్నది పిల్లవాడికీ బాక్సుకూ కలిపి. సాయంత్రం విచారణ ఇట్లా సాగుతుంది.

"తింటివా?"

"తింటి మా."

"అంతా తింటివా?"

"ఆఁ."

తల్లి సంచిలోంచి బాక్సు తీసి చెవి దగ్గర ఒకసారి ఆడిస్తుంది. అడుగున రెండు చెనిక్కాయ గింజలు గలగలమంటే చిత్రాన్నం నిజంగానే లోపలికి పోయినట్టు. దడ్‌మని ముద్దగా కొట్టుకుంటే కేసు తిరగదోడుతుంది. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాక ఈ న్యాయస్థానానికి సెలవులు.

మూత మర్చిపోవద్దు. పోయిన మూతలకు లెక్కలేదు. ఒక్కోసారి మూత వస్తుంది గానీ వేరేవాళ్లది వస్తుంది. రేనాటి చోళులు కలమళ్లలో, ఎర్రగుడిపాడులో రాళ్ల మీద తెలుగు చెక్కించినప్పటి నుంచీ ఈ సీమవాళ్లకు గట్టి వస్తువు మీద పేరు కొట్టించడం అలవాటు. స్టీలు సామాన్ల అంగట్లో చుక్కచుక్కగా పొడిచి రాయించే ఆ అక్షరాలు పరిశోధకులకు చాలా చిక్కులు తెచ్చిపెడతాయి. మూత మీద ఎవరి పెళ్లికో ఎవరో చదివించిన తేదీ ఉంటుంది, గిన్నె మీద ఇంకో ఇంటిపేరు ఉంటుంది, రెండూ మాత్రం ఒకదానికొకటి సరిగ్గా బిగుస్తాయి. అటువంటి బాక్సును ఏ వంశానికి చెందినదిగా నిర్ణయించాలో శాసనాలు చదివేవాళ్లు చూసుకోవాలి. పిల్లవాడు దాన్ని అప్పుడే సింకులో పడేసి ఆటకు పోయాడు.