గాలిలో ఉన్న మనిషి

నేను టూరింగ్ టాకీసు ప్రొజెక్టర్‌ని. 35 ఎం.ఎం. ఫిల్మును సెకనుకు 24 బొమ్మల చొప్పున నడిపించాను. నడిపించడమంటే ఆపడం కూడా. నా పొట్టలో మాల్టీస్ క్రాస్ అనే నాలుగు చీలికల చక్రం ఉంటుంది. అది ఒక్కో బొమ్మను గేటులోకి లాగి, రెప్పపాటు కూడా కాదు, అంతకంటే తక్కువసేపు కదలకుండా నిలబెడుతుంది. లాగేటప్పుడు షట్టర్ అడ్డం పడుతుంది. బొమ్మ నిలిచాకే కార్బన్ కడ్డీల వెలుగు తెర మీదికి పోతుంది. జనం చూసేది పరుగు, నేను చూసేది ఆగిన బొమ్మలు.

అందుకే ఫైటు సీన్లలో డూపు నాకు ఇట్టే దొరికిపోతాడు. డూపంటే నాకు చులకన లేదు. మొహం దాచుకుని వీపు మాత్రమే చూపించి, హీరో పేరు మీద దెబ్బలు తిన్నవాళ్లను నాకంటే దగ్గరగా ఎవరు చూశారు?

1965లో వచ్చిన ‘తేనె మనసులు’లో మాత్రం డూపు లేడు. ఆదుర్తి సుబ్బారావు తీసిన సినిమా, కృష్ణ కొత్త హీరో. కారును స్కూటరు మీద వెంబడించి, స్కూటరు వదిలేసి కారు మీదికి దూకుతాడు. తెర మీద అది కన్నుమూసి తెరిచేలోగా అయిపోతుంది. నా గేటులో మాత్రం స్కూటరు వదిలేసిన మనిషి, కారు ఇంకా అందని మనిషి, ఒక్కో బొమ్మగా ఆగి ఆగి వెళ్లాడు. ఆ సీను చూసే నిర్మాత డూండీ ‘గూఢచారి 116’కి ఆయన్ను ఎంచుకున్నారు. 1966లో మల్లికార్జునరావు దర్శకత్వంలో, జయలలిత జోడీగా ఆ సినిమా వచ్చింది. ఆంధ్రా జేమ్స్ బాండ్ అనే పేరు కృష్ణకు స్థిరపడిపోయింది. తర్వాత ‘జేమ్స్ బాండ్ 777’, ‘ఏజెంట్ గోపి’, ‘రహస్య గూఢచారి’, 1989లో ‘గూఢచారి 117’.

‘తేనె మనసులు’ ఆడిన రోజుల్లో మా డేరా నల్లగొండ జిల్లాలో, నాగార్జునసాగర్ పైలాన్ కాలనీ పక్కన ఉండేది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యాము, రాతి కట్టడం, 124 మీటర్ల ఎత్తు. పాలమూరు నుంచి, దేవరకొండ తండాల నుంచి వచ్చిన కూలీలు పొద్దంతా పరంజాల మీద రాయీ మాలూ మోసి, రాత్రికి నా ముందు నేల టికెట్లో కూర్చునేవాళ్లు. ఎత్తంటే ఏమిటో, కాలు జారితే ఏమవుతుందో వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. అలాంటివాళ్లు ఈల వేశారంటే కృష్ణ సాహసానికి అంతకు మించిన మెప్పు లేదనే నా నమ్మకం. కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టిన నటుడు కాంతారావు కత్తి దూసినా ఈల వేసేవాళ్లు, ఆయన మన జిల్లావాడనే మురిపెం ఎటూ ఉండేది.

ప్రింట్లు పెద్ద ఊళ్లన్నీ తిరిగి, గీతలు పడి, జాయింట్లు పడి చివరికి మా దాకా వచ్చేవి. తెర నిండా వాన. ఆ వానలోనే కృష్ణ దూకేవాడు. “ఇంకొక్కసారి ఎయ్యన్నా!” అని డేరా అంతా అరిచేది. ఆపరేటర్ ముందు కసిరేవాడు, తర్వాత రీలు వెనక్కి చుట్టేవాడు. కడ్డీలు అరిగి మంట మసకబారకుండా వాటి సందు సరిచేసి, మళ్లీ వదిలేవాడు.

ఇప్పుడు నడుముకు తాడు కట్టి దూకిస్తారట, తర్వాత ఆ తాడును కంప్యూటర్లో చెరిపేస్తారట. మంచిదే. సినిమా కోసం మనిషి చావకూడదు. కానీ నేను చూసింది తాడు లేని దూకుడు, దాన్ని మర్చిపోవడం నా వల్ల కాదు.

ఒక రాత్రి ఆట విడిచాక అచ్చంపేట మేస్త్రీ ఒకాయన కుర్రకూలీలను డేరా బయట నిలబెట్టి, గ్యాసులైటు కింద మోకాళ్లు వంచి చూపించాడు. “సూశిన్రా? దూకెటప్పుడు కిందికి సూడలే. పట్టుకునేదాని మీదనే సూపు. పరంజ మారెటప్పుడు మీరు గట్లనే సూడాలె.”

కుర్రాళ్లు అక్కడే ఒకరి తర్వాత ఒకరు దూకి చూశారు.