పెత్తనం లినక్సుది

2020లో కరోనా తరిమితే పట్టిసీమ వచ్చిపడ్డ సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు చాలామంది మళ్ళీ హైదరాబాదు బస్సెక్కేశారు. మిగిలినవాడు ఆటోమేషన్ బాబు. గోదావరి గట్టున ఏ ఊళ్ళో చూసినా ఇలాంటివాడొకడు తగులుతాడు. మెడలో హెడ్‌ఫోను, ఏ పని చెప్పినా "ముందు వెర్షనెంతో చెప్పండి" అన్న మాట.

ఇక్కడ కూర్చుని ఎక్కడెక్కడి సర్వర్లకో ఆన్సిబుల్ అనే సాఫ్ట్‌వేర్‌తో పని పురమాయించడం వాడి ఉద్యోగం. పురమాయించే యంత్రం లినక్సో మ్యాకో ఆ జాతిదో అయి తీరాలి. విండోస్ చేత చాకిరీ చేయించుకోవచ్చుగాని, పెత్తనం దాని చేతికివ్వకూడదు.

రేవులో లాంచీ సరంగు ఓసారి అడిగాడు. "వంద సర్వర్లకీ ఒకేసారి చెప్పేస్తారాండి?"

"ఆయ్. వాటిలో ఏజెంటు కూడా అక్కర్లేదండి. ఎస్‌ఎస్‌హెచ్, పైథాన్ ఉంటే చాలు."

"చెబితే వింటాయాండి?"

"పైథాన్ పాతదైతే వినవండి."

సరంగు ఇంకేం అడగలేదు.

బాబు పంచాంగమే వేరు. 2024 మే నెలలో ఆన్సిబుల్ కోర్ 2.17 వచ్చి, రెడ్ హ్యాట్ లినక్సు 8తో పాటు వచ్చే పైథాన్ 3.6తో మాట్లాడనని అలిగి కూర్చుంది. జూన్ 30న సెంటాస్ లినక్సు 7 కాలం చేసింది. ఆ రెండు నెలలూ వాడికి పులస పెట్టినా సయించేది కాదు.

ఊరి ఎత్తిపోతల పథకంలో 24 పంపులు 8,500 క్యూసెక్కుల గోదావరిని కృష్ణకి తోస్తాయి. "ఒక్క ఆన్సిబుల్ ప్లేబుక్ చాలు, అన్నీ నేనే తిప్పేస్తా" అంటాడు బాబు. సొంత మేడమీద ట్యాంకు నిండితే మోటారు దానంతటదే ఆగేలా చెయ్యరా అని నాన్న అడిగితే మాత్రం, అందుకు పెట్టే చిన్న బోర్డులోకి డెబియన్ లినక్సా ఉబుంటు లినక్సా అన్నది ఇంకా తేలలేదు. నీళ్ళు పెరట్లోకి కారుతుంటే వాళ్ళమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి స్విచ్చి కట్టేసి పోతుంది.

పెళ్ళిలో మావగారు ముచ్చటపడి విండోస్ ల్యాప్‌టాప్ పెట్టారు. "దీన్నుంచి ఆన్సిబుల్ నడవదండి" అని అల్లుడు మొహం మాడ్చాడు. పాడైపోయిన సరుకు అంటగట్టారనుకుని ఆయన షాపువాడితో దెబ్బలాడొచ్చారు. ఆఖరికి విండోస్‌లోనే డబ్ల్యూఎస్‌ఎల్ పేరుతో లినక్సు చేత వేరు కాపురం పెట్టించి నెట్టుకొస్తున్నాడు.

పిల్లనిచ్చే పెద్దలకి మనవి. ల్యాప్‌టాప్ కొనేముందు అందులో ఉబుంటు ఎక్కుతుందో లేదో కనుక్కోండి. మ్యాకయితే ఏ పేచీ ఉండదు, కాస్త డబ్బులే ఎక్కువ.