లేయరింగ్ సూత్రానికి ఐరాల టీక

మూలం: లోపల పలుచనిది, నడుమ వెచ్చనిది, పైన గాలి చొరనిది తొడుగునది. ఉక్కపోసిన ఒక్కొక్కటి విప్పునది.

అవతారిక: ధనుర్మాసం మొదలుకాగానే బెంగళూరు మేనల్లుడు "మామా, లేయరింగ్ ముఖ్యం" అంటూ ఫోనులో పంపిన ఉపదేశం ఇది. ఇంగ్లీషులో ఉంటే విమర్శించడానికి జంకుతానని తెలుగు చేసుకున్నాను. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథ సూరి, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టాడు. నేనంతటివాణ్ణి కాను. రెండూ చేస్తాను.

టీక: లోపల, పలుచనిది — స్పష్టము. నడుమ — 'నడుముకు' అని పాఠాంతరం. అది నా నడుంనొప్పి కల్పించినది. వెచ్చనిది — ఇచ్చట విచారణ కలదు. గుడ్డకు వెచ్చదనమెక్కడిది? బీరువాలోని స్వెట్టరును తాకి చూడుడు, చల్లగానే ఉండును. వేడి ఒంటిది. పొరల సందున కదలక చిక్కిన గాలి దానిని బయటికి పోనీయదు. కావున పొర యనగా గుడ్డ కాదు, గుడ్డకూ గుడ్డకూ నడుమనున్న ఖాళీ. బిగుతు చొక్కామీద బిగుతు కోటు వ్యర్థమని భావము.

విశేషం: దుప్పటి యనగా రెండు పట్టాలు జోడించి కుట్టినది. మేనల్లుడు పుట్టకముందే మాటలోనే లేయరింగున్నది. అవి పక్కపక్కన కుట్టినవే గాని ఒకదానిమీదొకటి కావే యందువా, మా ఇంట మడిచి కప్పుకొందుము. ఇక బొంత. మా అవ్వ పాత నూలుచీరలు నాలుగు పరిచి, ఒకదాని చిరుగు మీద ఇంకొకదాని చిరుగు పడకుండా జరిపి, బియ్యపుగింజంత కుట్లు వేసేది. ఎర్రంచు మూల మాత్రం ఐదు పొరలు, అక్కడ అతుకు పడింది. ఆ మూల కోసం మేం నలుగురం కొట్టుకునేవాళ్లం. బొంతలో ఏ పొరా విప్పడానికి వీల్లేదు. ఇది మూలానికి విరుద్ధం. ఉంటే ఉండనీ.

పైన — కవచమని కొందరు. మా ఐరాల మండలంలోనే కాణిపాకం వినాయకస్వామి ఉన్నాడు. ఒకప్పుడు భక్తులు చేయించిన వెండికవచం ఇప్పుడు స్వామికి పట్టదని చెబుతారు. నా పెళ్లినాటి స్వెట్టరుదీ అదే మహిమ.

విప్పునది — ఇక్కడే సూత్రం దెబ్బతిన్నది. తెల్లవారి ఐదుకు మంచు, తొమ్మిదికి ఎండ చుర్రుమంటుంది. విప్పినది ఎక్కడ పెట్టాలో మేనల్లుడు చెప్పడే! ఆయనకు కారుంది, డిక్కీ ఉంది. నాకు చిత్తూరు బస్సులో కమ్మీకి ఒక చెయ్యి, చిల్లరకు ఒక చెయ్యి. కోటు పట్టుకునే మూడో చెయ్యి ఏ శాస్త్రంలో ఉంది? పోయిన గురువారం సీటుమీద పెట్టి దిగేశాను. రెండువేలు!

తాత్పర్యం: పొద్దున్నే పాలు పోయడానికొచ్చే ఆడవాళ్లను చూడండి. చీరమీద మొగుడి ఫుల్‌చొక్కా, తలకు తువాలు, కాళ్లకు ఏమీ ఉండదు. కాళ్ల సంగతి సూత్రంలోనూ లేదు. పాలు పోశాక వాళ్లు గడ్డికోతకు పోతారు. ఎండెక్కితే చొక్కా విప్పి, చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుని, దానిమీద పచ్చగడ్డి మోపు ఎత్తుకుంటారు. సంక్రాంతికి వచ్చినప్పుడు మేనల్లుడు అట్లా ఒకామెను ఫోటో తీశాడు. మోపు బాగా పడింది. చొక్కా కనపడలేదు.